చచ్చిన గేదెకేనా లెక్క?

మిర్చి కల్లంలో తడిస్తే పేపర్లో ఫొటో పడుతుంది. పత్తి నల్లబడితే నాయకులొచ్చి చేలో దిగి చూస్తారు. కొట్టంలో గేదె పోతే మాత్రం అది ఆ ఇంటి ఇల్లాలి ఏడుపుగానే మిగిలిపోతుంది. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పంట డబ్బు ఏడాదికోసారి వస్తుంది. వచ్చింది వచ్చినట్టు పురుగుమందుల బాకీకీ, కౌలుకూ పోతుంది. రోజువారీ ఉప్పూ పప్పూ, పిల్లల ఫీజులూ గడిచేది పాలడబ్బుతోనే కదా!

ప్రభుత్వం ఏమీ ఇవ్వదని నేననను. 2022-23 నుంచి 2025-26 వరకు కేంద్రం పెట్టిన నిబంధనల ప్రకారం, విపత్తులో ఆవు గానీ గేదె గానీ చనిపోతే 37,500 రూపాయలు. ఎద్దుకు 32,000. గొర్రెకు, మేకకు 4,000. ఇంటికి మూడు పెద్ద పాడిపశువులు, లేదా ముప్పై జీవాలు – అంతవరకే. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరదొచ్చి కొల్లిపర, కొల్లూరు లంకలు మునిగాయి. అప్పుడు రాష్ట్ర ప్రభుత్వం పాడిపశువుకు 50,000 ప్రకటించింది. మంచిదే. కానీ మేలైన ముర్రా గేదె లక్ష దాకా పలుకుతోంది. మిగతా సగం ఎవరిస్తారు? మళ్లీ అప్పే.

ఇంతకీ నా బాధ దీని గురించి కాదు. వరదలో పశువు చచ్చిపోతుంది, లెక్కకొస్తుంది. కరువులో చావదు, అమ్ముడుపోతుంది. ఆ లెక్క ఎక్కడా ఉండదు.

మన నేలల్లో ఇది మరీ ఎక్కువ. ఒకప్పుడు జొన్న వేస్తే గింజ మనకు, చొప్ప పశువుకు. ఇప్పుడు పత్తి, మిర్చి. పత్తి కట్టె పొయ్యిలోకి పనికొస్తుందేమో గానీ గేదె నోటికి పనికిరాదు. అందుకే వానలు ముఖం చాటేస్తే మార్కాపురం, కనిగిరి వైపు గడ్డి ధర చుక్కలనంటుతుంది. కొనలేక గేదెను సంతకు తోలితే, అమ్మేవాళ్లే అందరూ, కొనేవాళ్లు లేరు. సగం ధరకు వదిలించుకోవాలి. ప్రపంచానికి ఒంగోలు జాతి పశువులనిచ్చిన జిల్లాకు ఎంత అవమానం!

కరువు ప్రకటించి శిబిరాలు పెడితే రోజుకు పెద్ద పశువుకు 80 రూపాయలు, చిన్నదానికి 45 మేతకు ఖర్చు పెట్టవచ్చని అవే నిబంధనలు చెబుతున్నాయి. అయితే ప్రకటన వచ్చేసరికి కొట్టాలు ఖాళీ అయిపోతాయి. చచ్చాక యాభై వేలిచ్చే బదులు, బతికుండగా ఊళ్లోకే నాలుగు మోపుల గడ్డి చౌకగా చేర్చడం మేలు కాదా? గేదె నిలుస్తుంది, ఖజానాకూ భారం తగ్గుతుంది.

అది ప్రభుత్వం చెయ్యాల్సిన పని. మనం చేసుకోవాల్సినదీ ఒకటుంది. పశువు చెవికి పన్నెండంకెల ట్యాగు వేస్తారు, దాంతోపాటు యజమాని పేరూ, ఫోన్ నంబరూ రాసుకుంటారు. ఆ పేరు ఎవరిదో ఓసారి చూసుకోండి. పేడ తీసేదీ, పాలు పిండేదీ మీరైతే మీ పేరే రాయించండి. ట్యాగు కనిపించేలా ఫొటో తీసి పెట్టుకోండి. వరదలో కొట్టుకుపోయిన పశువుకు కళేబరం దొరకదు. అధికారి రుజువు అడిగిన రోజున చూపించడానికి మీ చేతిలో ఉండేది అదొక్కటే.