చప్పిడికీ బ్లాండ్‌కూ మధ్య ఉప్పు

ఆలూరు 1953 అక్టోబరు 1న ఆదోని, రాయదుర్గం తాలూకాలతో పాటు బళ్లారి జిల్లా నుంచి ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. కన్నడం పొరుగునే ఉన్న ఈ తావుల్లో మన పులుపు, కన్నడిగుల హుళి ఒకే వేరు నుంచి పుట్టిన మాటలని ఎవరూ నేర్పనక్కర్లేదు. చింతపండు చారు దగ్గరే తెలిసిపోతుంది. ఇంగ్లీషుతో మనకు ఆ చుట్టరికం లేదు. అయినా బడి నోట్సుల్లో టేస్ట్ అంటే రుచి, ఫ్లేవర్ అన్నా రుచే. జలుబు చేసినప్పుడు తియ్యదనం నాలుకకు తెలుస్తుంది గానీ, తిన్నది బెల్లమో చక్కెరో చెప్పడం కష్టమవుతుంది. నాలుకకు మిగిలింది టేస్ట్, ముక్కుతో పాటు పోయింది ఫ్లేవర్. వేడి సంగటి మీద నెయ్యి వేస్తే కమ్మగా ఉందంటామే, ఆ కమ్మదనంలో వాసనా రుచీ కలిసే ఉన్నాయి. ఫ్లేవర్‌ను పిల్లలకు అక్కడి నుంచి చెప్పవచ్చు. టేస్టీ, టేస్ట్‌ఫుల్ కూడా ఒకటి కావు: మొదటిది తిండికి, రెండోది ఇంటి అలంకరణకో చీర ఎంపికకో. మనం రుచి, అభిరుచి అని ఎప్పుడో విడదీసుకున్నాం.

తినేచోట సందర్భమే అర్థం చెబుతుంది, ఇంత పట్టింపు ఎందుకని కొందరు అంటారు. పంక్తిలో కూర్చున్నవారి వరకు అది నిజమే. హాట్ అన్నది వేడా, కారమా అని అక్కడ విస్తరి చూస్తే తెలుస్తుంది. (ఇంగ్లీషువారు రెంటికీ ఒకే మాట వాడటం వట్టి పొరపాటు కాదు. వేడిని పసిగట్టే నరాల గ్రాహకాన్నే మిరపలోని క్యాప్సైసిన్ కూడా తట్టిలేపుతుంది. దాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్‌ 2021 నోబెల్‌ను పంచుకున్నారు.) కానీ కాగితం మీద రాసిన మాటకు విస్తరి తోడు రాదు. కడుపులో పుండు ఉన్నవారిని డాక్టరు బ్లాండ్ తిండి తినమంటే కారం, మసాలా తగ్గించమని. దాన్ని చప్పిడి అని తెలుగు చేస్తే ఇంట్లో ఉప్పు మానేస్తారు, కారం మాత్రం అలాగే ఉండిపోవచ్చు. ఉప్పు తగ్గించాల్సిన రక్తపోటు మనిషికి చప్పిడే సరైన మాట. ఇన్‌సిపిడ్ ఈ రెంటికీ దూరం. అది పథ్యం కాదు, వంటను తప్పుపట్టడం. ఇలాంటప్పుడు మనం కూర చప్పగా ఉందంటాం.

కడపలో ఉండి తెలుగు నేర్చిన బ్రౌన్ తన 1852 నిఘంటువులో చాలా మాటలకు జనం వాడుకను కూడా చూపాడు. ఇప్పటి పాఠాలు రాసే అయ్యవార్లను మేము కోరేది అదే. బ్లాండ్ పక్కన చప్పిడి అని రాసి వదిలేయకండి. ఉప్పు ఉంటుంది, కారం ఉండదు అని కూడా రాయండి.