డిస్క్ క్యాష్ పెడితే ప్రోగ్రాం నిజంగా స్పీడ్ అవుతుందా?



కంప్యూటర్ సైన్స్ తీసుకున్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు పరీక్షలో ఒక లైను బట్టీ పట్టి రాస్తుంటారు: "డిస్క్ క్యాష్ వల్ల ప్రోగ్రాంల వేగం పెరుగుతుంది." (డబ్బుల క్యాష్ కాదు లెండి.) మార్కులు పడతాయి, కాదనను. కానీ అది సగం జవాబే అంటాను. ఇంటర్వ్యూలో "ఎప్పుడు పెరుగుతుంది?" అని అడిగితే, ఇంట్లో కంప్యూటర్ లేకుండా కాలేజీ దాకా వచ్చిన మనమే ముందు ఆగిపోతాం.

పాత మెషీన్ తీసుకుంటే విషయం తేటగా కనిపిస్తది. 1987లో కమడోర్ కంపెనీ తెచ్చిన అమిగా 500 చూడండి. మెమరీ 512 కేబీ. హార్డ్ డిస్క్ లేదు, 880 కేబీ ఫ్లాపీయే దిక్కు. ఫైళ్ల లిస్టు చూపించే 'డిర్' లాంటి చిన్న కమాండ్‌ను కూడా ప్రతిసారీ ఫ్లాపీ నుంచే చదవాలి. 'యాడ్‌బఫర్స్' అనే కమాండ్‌తో కొంత మెమరీ కేటాయిస్తే, ఒకసారి చదివిన ముక్కలు అందులో ఉంటాయి. రెండోసారి ఫ్లాపీ దాకా పోనక్కర్లేదు.

సంత నుంచి ఉప్పు తెచ్చి ఇంట్లో పెట్టుకున్నట్టే. రోజూ వాడేది కాబట్టి లాభం. ఎప్పుడో ఒకసారి వాడేదాన్ని బస్తాలకు బస్తాలు తెస్తే గుడిసెలో పడుకోడానికి చోటుండదు. ఒక్కో బఫర్ సుమారు అర కేబీ తింటది. 30 పెడితే 15 కేబీ, పర్లేదు. 200 పెడితే 100 కేబీ, మొత్తం మెమరీలో ఐదో వంతు పోయినట్టే. అప్పుడు పెద్ద ప్రోగ్రాం అసలు తెరుచుకోకపోవచ్చు.

పైగా లెక్కలు చేసే ప్రాసెసర్ వేగం ఇసుమంత కూడా పెరగదు. తగ్గేది డిస్క్ కోసం ఎదురుచూపు మాత్రమే. ఒక్క బొమ్మ గీయడానికి గంట లెక్కలు వేసే ప్రోగ్రాంకు క్యాష్ ఏం చేస్తది? చాలా ఆటలైతే ఆపరేటింగ్ సిస్టమ్‌ను పక్కనపెట్టి ఫ్లాపీని నేరుగా చదివేవి. వాటికి ఈ బఫర్ల సంగతే తెలీదు.

అదే కంపెనీ 1982లో తెచ్చిన కమడోర్ 64 కథ వేరే. దాని 1541 డ్రైవ్ సెకనుకు సుమారు 400 బైట్లే పంపేది. 40 కేబీ ప్రోగ్రాంకు నిమిషంన్నర పైనే. అక్కడ ఆలస్యం డిస్క్ తిరగడంలో కాదు, కేబుల్ మీద డేటా పంపే పద్ధతిలో. అందుకే ఎపిక్స్ ఫాస్ట్‌లోడ్ లాంటి కార్ట్రిడ్జ్‌లు ఆ పద్ధతినే మార్చి వేగం తెచ్చాయి. మొదటిసారి లోడ్ చేసేటప్పుడు క్యాష్ ఉన్నా ఒరిగేదేం లేదు.

నా మాటే నమ్మక్కర్లేదు. 'వైస్' అనే ఎమ్యులేటర్ ఫ్రీగా దొరుకుతది. అందులో కమడోర్ 64 తెరిచి, అసలు డ్రైవ్‌లాగే నడిచే సెట్టింగ్ ఆన్ చేసి, ఒక ప్రోగ్రాం లోడ్ చేయండి. ఫోన్‌లో టైమర్ మాత్రం మర్చిపోకండి.