పదకొండో నంబరు సూచిక



శ్రీకాకుళం జిల్లాలో వంశధార సముద్రంలో కలిసేచోట కళింగపట్నం ఉన్నది. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టినప్పుడల్లా, “కళింగపట్నం, భీమునిపట్నం రేవులలో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగరవేశారు” అన్న వార్త మీరు వింటూనే ఉంటారు. ఈ సూచికలు జెండాలు కావు. పగటివేళ శంకువు, స్తూపం ఆకారాల్లో ఉండే గుర్తులను స్తంభానికి కడతారు. రాత్రివేళ ఎర్ర దీపాలూ, తెల్ల దీపాలూ వేలాడదీస్తారు.

పదో నంబరు మహాప్రమాదానికి గుర్తు. మరి పదకొండో నంబరు ఎందుకున్నట్టు? అది ఇంకా పెద్ద గాలికి గుర్తు కాదు. “తుపాను హెచ్చరిక కేంద్రంతో మాకు సంబంధాలు తెగిపోయినవి” అని దాని అర్థం. అన్నిటికన్న పెద్ద నంబరును కబురు అందకపోవటానికి కేటాయించారు, చూశారా!

ఇటువంటి స్థితి నిజంగా వస్తుందా? వచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 170, 180 కిలోమీటర్ల గాలితో విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. తుపానును కనిపెట్టి చూస్తున్న విశాఖ రాడారే ఆ గాలికి దెబ్బతిన్నది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కూడా కరెంటు పోయింది, ఫోన్లు మూగవోయినవి.

నాలుగేళ్ళకు తిత్లీ వచ్చింది. తిత్లీ అంటే హిందీలో సీతాకోకచిలుక. పేరు సుకుమారమే! 2018 అక్టోబరు 9న తుపానుగా మారి, 11వ తేదీ తెల్లవారక మునుపే పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడిమామిడిచెట్లు, కరెంటు స్తంభాలు నేలకూలినవి.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించండి. వెనుక నూతిలో చేద వేస్తే నీరు వచ్చేది. ఇప్పుడు నీరు రావాలంటే మోటారు తిరగాలి, మోటారుకు కరెంటు కావాలి. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో డయాలసిస్ చేయించుకునేవారు ఎందరో ఉన్నారు. ఆ యంత్రానికి కరెంటూ కావాలి, శుభ్రమైన నీరూ కావాలి. ఆసుపత్రికి పోవాలంటే దారికడ్డంగా చెట్లు ఉండరాదు. అన్నీ ఒక్క తీగెకు వేలాడుతున్నవి. కనుక గాలి అందరిమీదా ఒకే తీరున వీచినా, దెబ్బ మాత్రం అందరికీ ఒకే తీరున తగలదు.

హెచ్చరికలు దండగ అనుకునేరు సుమా! 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు 10,000 మంది చనిపోయారు. దానితో పోలిస్తే తిత్లీకి మన జిల్లాలో ప్రాణనష్టం బహు స్వల్పం. ముందుగా కబురు అందటమూ, జనం తీరం విడిచి పోవటమూ అందుకు ముఖ్యకారణాలు. కాని కబురు తుపాను వచ్చేదాకానే. తీగె తెగిన తరవాత అక్కరకు వచ్చేది మన బుర్రలో ముందే ఉన్న ఏర్పాటు.

అందుచేత ఈ నెల మీకొక లెక్క ఇస్తున్నాను. ఇది ఒక్కరు చేసే లెక్క కాదు. రాత్రి భోజనాల వేళ అమ్మానాన్నల నడిగి చెయ్యండి.

ఒకటి: మన ఇంటిల్లిపాదికీ మూడు రోజులకు ఎన్ని బిందెల మంచినీరు కావాలి?

రెండు: ఇల్లు విడవవలసివస్తే ఏ పక్కాభవనానికి పోవాలి? వాగు పొంగితే రెండో దారి ఏది?

మూడు: మందులు, రేషను కార్డు, పొలం కాగితాలు, టార్చిలైటు ఏ సంచిలో ఉన్నవి?

నాలుగు: మన వీధిలో తమంత తాము నడవలేనివారు ఎవరు? వారిని ఎవరు తీసుకుపోతారు?

నాలుగో ప్రశ్నకు జవాబుగా పేర్లు రాయండి. “ఎవరో ఒకరు” అని రాస్తే మార్కులు లేవు!