కవాతు సరే, కమాండ్ ఎవరిది?

ఒకటో తరగతి నుంచే బడిపిల్లలకు ప్రాథమిక సైనిక శిక్షణ ఇప్పిస్తామని, అందుకు మాజీ సైనికుల సేవలు తీసుకుంటామని 2025 జూన్‌లో మహారాష్ట్ర విద్యాశాఖ మంత్రి దాదా భుసే ప్రకటించారు. దేశభక్తి, వ్యాయామం, క్రమశిక్షణ అలవడతాయన్నది ఆయన మాట. ఆరేళ్ల పిల్లలకు బూటు లేసు ముడి వేసుకోవడమే సరిగ్గా రాదు. వాళ్లకు సైనిక శిక్షణంటే చివరికి పాత డ్రిల్లు పీరియడ్‌కు కొత్త పేరు పెట్టడమే కావచ్చు. అలాగని నవ్వి ఊరుకునే సంగతి కాదిది. పిల్లలకు యూనిఫాం తొడిగి కవాతు చేయించే కార్యక్రమాల మీద చాలా దేశాల పాలకులకు మళ్లీ మోజు పుట్టింది. కవాతు కనిపిస్తే చాలు చప్పట్లు కొట్టేవాళ్లు కొందరు, బూటు చప్పుడు వినగానే ఉలిక్కిపడేవాళ్లు కొందరు. ఈ సందట్లో అడగవలసినవి అడగడం లేదు. ఆ పిల్లలకు ఆజ్ఞ ఇచ్చేది ఎవరు? వద్దనుకున్న పిల్లవాడు ఏమీ పోగొట్టుకోకుండా వరుసలోంచి బయటికి రాగలడా?

మన దేశం ఈ రెండింటికీ 1948లోనే జవాబు రాసుకుంది. బ్రిటిష్ వాళ్లు మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1917లో, యూనివర్సిటీ కోర్ పెట్టింది తమ సైన్యం అవసరాల కోసం. హృదయనాథ్ కుంజ్రూ కమిటీ సిఫార్సుల మీద స్వతంత్ర భారతం ఎన్‌సీసీ చట్టం చేసుకున్నప్పుడు ఆ సంబంధాన్ని తెంచింది. ఈ చట్టం కింద చేరినవారికి యుద్ధ సేవ చేయవలసిన బాధ్యత ఏదీ ఉండదని అందులోనే స్పష్టంగా రాశారు. రైఫిల్ పట్టించవచ్చు, గురి నేర్పవచ్చు, సరిహద్దుకు మాత్రం పంపకూడదు. 1949లో బాలికల విభాగం వచ్చింది. సైన్యంలో ఆడపిల్లలకు చాలా దారులు మూసి ఉన్న రోజులవి.

జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎన్‌సీసీ ఎలా నడుస్తుందో చూసినవాళ్లకు ఈ శిక్షణకూ సైన్యానికీ మధ్య ఉన్న దూరం కొత్త కాదు. పొద్దున్నే గ్రౌండులో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ‘సావధాన్’, ‘విశ్రామ్’, ‘దాహినే ముడ్’ అన్న హిందీ కమాండ్లకు కదులుతుంటారు. హిందీ పరీక్షలో గట్టెక్కని వాడు కూడా ఈ మాటలకు తడబడడు. టోపీ మీద ఎర్ర హ్యాకిల్ నిటారుగా నిలవాలి, బూటులో ముఖం కనపడాలి. పాఠాలు చెప్పే మాస్టారే అసోసియేట్ ఎన్‌సీసీ ఆఫీసర్ (ఏఎన్‌వో)గా ఖాకీ వేసుకుంటారు. బెటాలియన్ నుంచి హవల్దారు వచ్చి డ్రిల్లు చేయిస్తాడు. పది రోజుల క్యాంపులో పాయింట్ టూ టూ రైఫిల్‌తో నాలుగు గుళ్లు పేలిస్తే ఆ ముచ్చట ఊళ్లో నెలల తరబడి నడుస్తుంది. పరేడ్ అయ్యాక పెట్టే టిఫిన్ కోసం చేరిన పిల్లలూ ఉంటారు, అందులో తప్పేమీ లేదు. ఇక్కడ గమనించవలసింది ఆ మాస్టారిని. సాయంత్రం లెక్కలు చెప్పేదీ, రేపు తల్లిదండ్రులు నిలదీస్తే సమాధానం చెప్పవలసిందీ ఆయనే. సైన్యానికీ పిల్లవాడికీ మధ్య ఒక బడి నిలబడి ఉంది.

ఇష్టమైనవాళ్లే చేరే ఈ ఏర్పాటును మనమే ఒకసారి చెడగొట్టుకున్నాం. 1962 చైనా యుద్ధం తగిలించిన దెబ్బతో మరుసటి ఏడాదే కాలేజీ విద్యార్థులకు ఎన్‌సీసీని నిర్బంధం చేశారు. సంఖ్య అమాంతం పెరిగింది, అందరికీ సరిపడా శిక్షకులు ఎక్కడ దొరుకుతారు? హాజరు కోసం వచ్చి నిలబడేవాళ్లతో నాణ్యత పడిపోయింది. 1968లో మళ్లీ ఐచ్ఛికం చేయక తప్పలేదు. ఆ మరుసటి ఏడాది జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్) పుట్టింది. కవాతు వద్దనుకునే విద్యార్థికి సేవ అనే మరో దారి దొరికింది. ‘ప్రతి విద్యార్థికీ సైనిక శిక్షణ’ అని నేడు ఉపన్యాసాలు ఇచ్చేవారెవరూ ఈ అయిదేళ్ల ముచ్చటను తలచుకోరు.

బడికి బదులు పార్టీయో ప్రభువో ఆజ్ఞ ఇచ్చిన చోట ఏమైందో చరిత్రలో ఉంది. ముసోలినీ ఇటలీలో 1926లో బలిల్లా సంస్థ మొదలైంది, చిన్న పిల్లలకు నల్ల చొక్కాలు తొడిగింది. 1931లో రోమ్ వెళ్లిన హిందూ మహాసభ నాయకుడు బి.ఎస్.మూంజే ముసోలినీని కలిశారు, ఆ పిల్లల శిక్షణను చూసి ముచ్చటపడ్డారు. 1937లో నాసిక్‌లో భోంస్లా సైనిక పాఠశాల పెట్టారు. జర్మనీలో 1936 చట్టంతో హిట్లర్ యూత్ పిల్లలందరి సంస్థ అయింది, 1939లో పూర్తి నిర్బంధమైంది. 1945 వసంతంలో బెర్లిన్ వీధుల్లో సోవియట్ ట్యాంకుల ముందు నిలిపింది ఆ పిల్లలనే. క్యాంపుల్లో పాటలు పాడుకుంటూ మొదలైన పిల్లలు పదేళ్లలోపే అక్కడికి చేరారు.

ఇది గతం అనుకోవడానికి వీల్లేదు. రష్యాలో రక్షణ శాఖ అండతో 2016లో పుట్టిన యునార్మియాలో ఎనిమిదేళ్ల పిల్లలు కూడా చేరవచ్చు. ఉక్రెయిన్‌లో రష్యా ఆక్రమించిన ప్రాంతాల పిల్లలనూ అందులోకి లాగారు. 2022 జూలైలో యూరోపియన్ యూనియన్ ఆ సంస్థ మీదే ఆంక్షలు పెట్టింది. అమెరికా హైస్కూళ్లలో 1916 నుంచి ఉన్న జేఆర్‌వోటీసీ అనే సైనిక శిక్షణ కార్యక్రమం ప్రజాస్వామ్యంలో నడిచేదే, చేరినవారికి సైన్యంలో చేరాలన్న షరతూ లేదు. అయినా డెట్రాయిట్ వంటి నగరాల్లోని కొన్ని ప్రభుత్వ బడుల్లో పిల్లలను అడగకుండానే ఆ తరగతిలో వేసేస్తున్నారని 2022లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. బడుల్లో పనిచేసే మాజీ సైనిక శిక్షకుల మీద లైంగిక వేధింపుల కేసులనూ అదే పత్రిక వెలికితీసింది. చట్టం మంచిదైనా అమలు చేసేవాడి మీద కన్ను లేకపోతే ఇంతే.

ఇక మన సైనిక్ స్కూళ్లు. రక్షణ మంత్రి కృష్ణమీనన్ చొరవతో 1961లో సతారాలో మొదటిది తెరిచారు. మరుసటి ఏడాది జనవరిలో విజయనగరం దగ్గర కోరుకొండలో, రాజా పి.వి.జి.రాజు ఇచ్చిన ప్యాలెస్‌లో, మన పిల్లలకూ ఒకటి వచ్చింది. అధికారుల శ్రేణిలో కొన్ని ప్రాంతాలదే, కొన్ని వర్గాలదే పైచేయిగా ఉండటాన్ని సరిదిద్దడం వాటి ఉద్దేశం. అది సామాజిక న్యాయానికి సంబంధించిన పని. నేషనల్ డిఫెన్స్ అకాడమీకి పల్లె పిల్లవాణ్ని పంపే దారి అది. తెలంగాణ గురుకులాల వాళ్లు ఇదే ఆలోచనతో కరీంనగర్ జిల్లా రుక్మాపూర్‌లో ఎస్సీ పిల్లలకు సైనిక పాఠశాల పెట్టారు. అది సర్కారు బడి, జవాబుదారీ సర్కారుదే.

2021 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పథకం వేరే దారి పట్టింది. ప్రైవేటు, స్వచ్ఛంద సంస్థల భాగస్వామ్యంతో వంద కొత్త సైనిక్ స్కూళ్లు పెడతారు. కృష్ణపట్నంలో అదానీ సంస్థ నడిపే బడి కూడా ఆ జాబితాలోకి వచ్చింది. ఒప్పందాలు కుదిరిన 40 బడుల్లో 62 శాతం ఆరెస్సెస్, దాని అనుబంధ సంస్థలు, బీజేపీ నాయకులకు సంబంధించినవేనని 2024 ఏప్రిల్‌లో రిపోర్టర్స్ కలెక్టివ్ కథనం రాసింది. కాంగ్రెస్ అధ్యక్షుడు ఖర్గే రాష్ట్రపతికి లేఖ రాశారు. రక్షణ శాఖ ఆ ఆరోపణను తోసిపుచ్చింది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా తన వాళ్ల బడి మీద సైనిక్ స్కూల్ బోర్డు తగిలించుకునే వీలు ఉండటమే ఇక్కడి లోపం. రేపు ప్రభుత్వం మారితే అదే పథకం మరో జెండా చేతికి చిక్కుతుంది. పాత సైనిక్ స్కూలు ప్రిన్సిపాల్ సర్వీసులో ఉన్న సైనికాధికారి, ఆయనకు పైవాడు రక్షణ శాఖే. ప్రైవేటు బడి ప్రిన్సిపాల్‌కు పైవాడు యాజమాన్యం.

మన పల్లెల్లో కవాతు వెనక ఉన్న అసలు ఆకర్షణ ఉద్యోగం. దీన్ని దాచడం అనవసరం. ఎన్‌సీసీ సర్టిఫికెట్‌కు సైనిక నియామకాల్లో బోనస్ మార్కులు ఉన్నాయి, సీ సర్టిఫికెట్ ఉన్న పట్టభద్రులకు అధికారి హోదాకు ప్రత్యేక ప్రవేశం ఉంది. 2022 జూన్‌లో సైనిక నియామకాలకు అగ్నిపథ్ పథకం ప్రకటించారు. నాలుగేళ్ల సర్వీసు, చివరికి నిలిచేది గరిష్ఠంగా 25 శాతం. రెండేళ్లుగా పరుగు తీసి, పరీక్ష కోసం కాచుక్కూర్చున్న కుర్రాళ్లు సికింద్రాబాద్ స్టేషన్‌ను రణరంగం చేశారు. పోలీసు కాల్పుల్లో వరంగల్ జిల్లా కుర్రవాడొకడు ప్రాణం పోగొట్టుకున్నాడు. బాల్యం నుంచి సైన్యం అన్న ఆశ పెంచి, ఆ ఆశ చివర నాలుగేళ్ల కాంట్రాక్టు పెడితే దాన్ని దేశభక్తి ముసుగులో దాచలేం.

సాయుధ సంఘర్షణల్లో బాలల ప్రమేయంపై ఐక్యరాజ్యసమితి ప్రోటోకాల్‌ను 2005లో భారత్ ఆమోదించింది. పద్దెనిమిది నిండని వారిని యుద్ధ రంగానికి పంపబోమని చెప్పింది. ఆ మాటకు కట్టుబడటంలో పేచీ లేదు. బడిలో జరిగే దాని మీద మాత్రం నిఘా కావాలి. ఎన్‌సీసీ ఖర్చులో రాష్ట్రాల వాటా ఉంది. ప్రైవేటు బడులు తమ డబ్బుతో స్వయం ఆర్థిక పథకం కింద క్యాడెట్లను చేర్పించుకోగలవు, సర్కారు బడి అలా చేయలేదు. అందుకే వాటా నిధులు ఇచ్చే రెండు తెలుగు రాష్ట్రాలూ ముందు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఎన్‌సీసీ యూనిట్లు పెట్టించాలి. ఏఎన్‌వోగా పనిచేసే మాస్టారికి బోధన భారం తగ్గించాలి. తమ పరిధిలో సైనిక్ స్కూలు పేరు పెట్టుకున్న ప్రతి ప్రైవేటు బడి యాజమాన్యం, ఫీజులు, శిక్షకుల వివరాలు తల్లిదండ్రులకు బహిరంగంగా దొరికేలా రెండు ప్రభుత్వాలూ ఉత్తర్వులు ఇవ్వాలి. శాసనసభల్లో ఈ ప్రశ్న అడగవలసింది మన ఎమ్మెల్యేలే.