చెట్టుకల్లుకు తగిన వెల

కరీంనగరమునుండి మానకొండూరు మీదుగా పోవు దారిలో, గడచిన ఫాల్గుణమున ఒకనాటి ప్రొద్దున తాళ్లవనము క్రింద కూర్చుండి యుండగా, మాతో వచ్చిన హైదరాబాదు బంధువుల పిల్లవాడొకడు అప్పుడే చెట్టు దిగిన గౌడుతో బేరమాడుట నా చెవిని పడెను. “మామా, జర తగ్గియ్యరాదె” యని అతడడుగుచున్నాడు. ముందటి వారమే అతడు రాజధానిలోని ఒక బీరుశాలకు పోయి, అచ్చటనే కాచి, అచ్చటనే పులియబెట్టి, గొట్టమునుండి వంచి యిచ్చు క్రాఫ్ట్ బీరును ఒక్క గ్లాసు త్రాగి, దానికి ఈ గౌడు అడిగిన వెలకు ఎన్నో రెట్లు మారుమాటాడక చెల్లించి వచ్చినాడు. ఆ సంగతి దారి పొడవునను తానే సంతోషముతో చెప్పినాడు. పిల్లవాడు లోభి కాడు. ఆ బీరు ఎట్లు చేయుదురో అతనికి తెలియును. యవలు ఏ దేశమువో, హాప్సు పరిమళ మెట్టిదో, తొట్టిలో ఎన్ని దినములు నిలిచినదో ఆ శాల గోడమీది పలకపై వ్రాసియుండెనట. తాటిచెట్టు మీద ఎవరును ఏమియు వ్రాసి యుండలేదు. దానికి పలకయే యుండినచో దానిపై వ్రాయవలసినది ఏదో వ్రాయవలెనని నాకు నాడే తోచినది.

క్రాఫ్ట్ బీరునకు ఎక్కువ వెల యిచ్చుట తప్పని నేననను. వేలకొలది పెట్టెలను ఒక్కదినమున నింపు కర్మాగారములో ఒక పనివాని కూలియు, ఒక తొట్టి కడిగిన నీరును, ఒక విడత పులియుటకు పట్టిన కాలమును లక్షలాది సీసాలపై పంచబడి లేశమాత్రమగును. కొన్ని వందల లీటర్ల తొట్టిలోనైతే అదే కూలి, అదే నీరు, అదే కాలము ప్రతి గ్లాసునను బరువుగా దిగును. ఏల్ జాతి బీరునకు రెండు వారములును, లాగరునకు నాలుగైదు వారములకు పైబడియు తొట్టి ఖాళీ కాదు. 2015లో మన రాష్ట్రము మైక్రోబ్రూవరీలకు నియమము లేర్పరచిన పిమ్మట నగరమున వెలసిన ఈ శాలలు వీనికి తోడు లైసెన్సు రుసుమును, సుంకమును, ఖరీదైన వీధుల అద్దెలను మోయవలసి యున్నవి. కావున త్రాగువాడిచ్చు రూకలలో కొంత యవలకు, కొంత పనివాని నేర్పునకు, కొంత మేడకు, కొంత సంగీతమునకు పోవును. మేడకును సంగీతమునకును ఇచ్చుట ఇష్టమైనచో ఇయ్యవచ్చును. కాని అదియంతయు పానీయపు వెల యని భ్రమపడరాదు. ఇక సీసాబీరు మాట వేరు. 2019-20 నుండి మూలధర పెరుగలేదని యునైటెడ్ బ్రూవరీస్ సంస్థ 2025 జనవరిలో తెలంగాణకు సరఫరా నిలిపివేయుటయు, ఫిబ్రవరిలో ప్రభుత్వము నూటికి పదునైదు చొప్పున ధర పెంచుటయు మనమెరుగుదుము. ఆ వెల ప్రభుత్వమునకును కంపెనీలకును నడుమ జరిగెడు సంప్రదింపులలో తేలును గాని, త్రాగువాడు రుచి చూచి కట్టునది కాదు.

కల్లునకు మాత్రము వెలను చెట్టునుండి లెక్కింపవలెను. తాటి గీతకు వచ్చుటకు పండ్రెండు పదునైదేండ్లు పట్టును. ఈత కొంత త్వరగా వచ్చును. అది వచ్చిన పిదప నైనను సంవత్సరము పొడవునను ఒకే తీరున పారదు. పోతుచెట్టు కొక ఋతువు, పండుచెట్టు కొక ఋతువు, మధ్య వట్టినెలలు. గౌడు మోకు నడుమునకు వేసికొని, ముస్తాదు కట్టుకొని, పైకెక్కి గెల కొనను కాగితమంత పలుచగా చెక్కవలెను. లోతుగా కోసినచో గెల చెడును. కోయకున్నచో గాయము మూసికొని రసము నిలిచిపోవును. ఒక్కపూట మానినను చెట్టు దారి తప్పును గనుక గీతవానికి పండుగ లేదు, జ్వరము లేదు, ముసురు లేదు. ఒకడు పది చెట్లు గీయుచున్నాడనియు, ఒక్కొక్కటి నలువది యడుగుల పొడవనియు అనుకొందము. ఉదయసాయంకాలములు కలిపి ఇరువది మారులు ఎక్కవలెను. అనగా ఎనిమిది వందల అడుగులు పైకి, మరల ఎనిమిది వందల అడుగులు క్రిందికి. చార్మినారును వెలుపలి గోడను కౌగిలించుకొని దినమునకు నాలుగైదు మారులు ఎక్కి దిగుటతో ఇది సమానము. దిగునప్పుడు నిండిన లొట్టి బరువు కూడ వాని మీదనే యుండును.

ఈ యెక్కుటలో జారిపడినవారెందరో మన పల్లెలలో మంచములపై నున్నారు, శ్మశానములలో నున్నారు. మరణించినవాని కుటుంబమునకు ప్రభుత్వము ఐదు లక్షల రూపాయలు పరిహారముగా ఇచ్చుచున్నది. 2024 జూలై 14న లష్కర్‌గూడలో ‘కాటమయ్య రక్షణ కవచము’ అను పేర భద్రతాసామగ్రిని పంచుట మొదలు పెట్టిరి. గీతవారి దైవము పేరు దానికి పెట్టుట నాకు హృద్యముగా తోచినది. అట్టి సామగ్రి మా తాతలనాడే వచ్చియుండవలసినది. ఏలయనగా, ప్రాణభయమునకు లొట్టి వెలలో ఏనాడును ఒక్క పైసయు చేరలేదు.

ఈ రసమును పులియబెట్టుటకు ఎవరును ఈస్టు కొనిరానక్కరలేదు. నూటికి పదిపాళ్లకు మించి చక్కెర గల ఆ రసము గెలనుండి బొట్టుబొట్టుగా లొట్టిలోనికి దిగుచుండగనే, గాలిలోనిదియు లొట్టిగోడల నంటియున్నదియు నైన ఈస్టు తన పని సాగించును. తెల్లవారునప్పుడు దించినది తేనెవలె నుండును, మధ్యాహ్నమునకు బీరునకు సాటియైన మత్తు పుట్టును, సాయంకాలమునకు పులుపెక్కును, మరునాటికి పుల్లనీరగును. లొట్టిలో సున్నము పూసినచో పులియక నీరాగా నిలుచును, నిజమే. కాని అది కల్లు కాదు. బీరుశాలవాడు అమ్ముడుపోని దానిని చల్లని తొట్టిలో నిలువయుంచగలడు. గౌడుకు నిలువ యనునదే లేదు. వాని సొత్తు ప్రొద్దుతో పాటు ఎక్కి, ప్రొద్దుతో పాటు దిగిపోవును. అందుచేతనే మన పల్లెలలో ‘వాడిక’ యను కట్టుబాటు పుట్టినది. నిత్యము తీసికొనెడి యింటివారు ఫలానా చెట్టుకల్లు తమదని చెప్పుకొని, వెల నెలకొకమారు గాని, వెనుకటి దినములలో కోతలనాడు ధాన్యరూపమున గాని ముట్టజెప్పెడివారు. అమ్ముడుపోవునో పోదో యను భయమును వారు గౌడుతో పంచుకొనిరి. వెలను గూర్చి ఇంతకంటె వివేకముగల ఏర్పాటును నగరపు బీరుశాలలలో నేను చూడలేదు.

ఇప్పుడు అసలు చిక్కునకు వత్తును. చెట్లు తక్కువ, ఎక్కువారు తక్కువ, కాలము కొలదిపాటిది; ఇట్టి సరకు పట్టణపు దుకాణములలో పన్నెండు నెలలును, ఒకే రుచితో, ఒకే చౌకతో, సీసాలు సీసాలుగా ఎట్లు లభించుచున్నది? వనములో నున్న చెట్లను లెక్కించి, దుకాణములో నున్న సీసాలను లెక్కించినవానికి జవాబు దానంతటదే తెలియును. నీళ్లు, శాకరిను, నురుగు కొరకేదో పొడి, మత్తు కొరకు క్లోరల్ హైడ్రేటో, డైజిపామో, అల్ప్రజోలమో. జనులు దీనిని ‘మందుకల్లు’ అందురు. 2015 సెప్టెంబరులో అధికారులు కల్తీపై విరుచుకుపడగా, నిజామాబాదు, మహబూబ్‌నగరు జిల్లాలలో వందలకొలది జనులు చేతులు వణకుచు, మతి చలించి, ఆసుపత్రులకు చేరిరి. వారు తపించినది కల్లు లేక కాదు, మందు లేక. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. కూలిచేసి అలసినవాడు పది రూపాయలు మిగులునని కొనిన సీసాకు తన నరములను, తన పనిదినములను, తుదకు తన ప్రాణమును చెల్లించినాడు. కావున నా నిర్ణయమిది: చెట్టు లెక్కకు తగ్గిన వెలకు దొరకు కల్లును చవక యనరాదు, అది కల్లే కాదని అనుమానింపవలెను.

ఐనను, “వెల పెంచుడు, సమస్య తీరును” అనుట సులభము. గోదావరిఖని గనులలో దిగినవారు, సిరిసిల్లలో మగ్గములమీద కూర్చుండినవారు, జగిత్యాల సీమలో బీడీలు చుట్టువారు కల్లును త్రాగెదరు. వారి కూలికి అందని చెట్టుకల్లు, కారులో వచ్చిన పిల్లవాని విలాసమై మిగులును. కూలివాడు మరల మందుకల్లునకే పోవును. ఈ రెండంచులకు నడుమ దారి వెలలో లేదు, వెలలో చేరెడి యితర భారములలో నున్నది. తెలంగాణ యేర్పడిన పిదప చెట్టుపన్ను రద్దగుట మంచిపని. అంతకంటె మంచిపని భూమి. చెరువుకట్టలపైనను, బంజరులపైనను గీతసంఘములకు వనములుండి, అందు ఈత, తాటి మొలకలు పెరిగి, రహదారి విస్తరణకనియు ఇటుకబట్టీలకనియు చెట్లను నరుకుట ఆగినచో, పదిచెట్ల గౌడుకు ఇరువది చెట్లుండును. వనము దగ్గరలో నుండును. వెల పెరుగకయే కూలి గిట్టును. హైదరాబాదులో 2023 మే 3న తెరచిన నీరా కేఫ్ వంటివి పట్టణపు జనులకు ఈ వృత్తిపై గౌరవము కలిగించుటకు పనికివచ్చును. కాని పల్లెగౌడు కడుపు దానివలన నిండదు.

త్రాగుడును పొగడుటకు నేనిది వ్రాయుటలేదు. సారాకు ఎదురుగా సాగిన దూబగుంట స్త్రీల పోరాటము పిమ్మట 1993లో సారాను, 1995లో తక్కిన మద్యమును నిషేధించిరి; ఆ సంపూర్ణ నిషేధమునుండియు కల్లును మినహాయించిరి. ఆ స్త్రీల బాధ యథార్థము. కల్లును మినహాయించుటలోని వివేకమును గూడ నేను యథార్థమనియే తలంతును.

గోదావరి దాటి ఆదిలాబాదు సీమలో ప్రవేశించినచో ఈ లెక్కయంతయు మారిపోవును. అచ్చటి యిప్పసారాకు చెట్టెక్కుట లేదు. ఇప్పచెట్టు తానే తెల్లవారుజామున పూలు రాల్చును. ఫాల్గుణ చైత్రములలో ఉట్నూరు, ఆసిఫాబాదు అడవులలో గోండు స్త్రీలు, పిల్లలు వంగివంగి వానిని ఏరి, ఎండబెట్టి, కొంత తిండికి, కొంత సారా వట్టుటకు దాతురు. వంగిన నడుమునకు వెల యున్నది గాని, ఆ సారా మొదటి చుక్కలు తమ దైవమైన పెర్సపెన్‌కును పూర్వికులకును ధారవోయునవి గనుక తక్కినదానికి వారు కట్టెడి విలువ బజారు విలువ కాదు. నైజాం కాలపు ఆబ్కారీ ఈ యింటివట్టును నేరము చేసి, గుత్తదారుని దుకాణమును న్యాయబద్ధము చేసినది. ఎవని అడవి పూవుతో చేసినదానిని వాడే డబ్బిచ్చి కొనవలసి వచ్చెను. అధికమైన వెల యనగా నాకు తోచునది ఇదియే; అంకె పెద్దదగుట కాదు, చేసినవానిచేతనే మరల కొనిపించుట. నేడు ఉట్నూరులో ఆదివాసి స్త్రీలు అదే పూవుతో లడ్డూలు చేసి అమ్ముచున్నారు. ఆ లడ్డూకు ఎంత యడిగినను ఇయ్యవచ్చునని నా నమ్మకము, ఏలయనగా ఆ రూకలు పూలేరిన చేతికే చేరును.

మరల తాళ్లవనమునకు వత్తును. పిల్లవాని బేరము సాగలేదు. అడిగినంతయు ఇచ్చి, తాటాకు రేకను దోసిట పట్టి, వంచిన కల్లును త్రాగినాడు. రెండవ రేక తరువాత మాట మానినాడు. మూడవదాని తరువాత లేచి, చెట్టుకు వ్రేలాడుచున్న కడపటి లొట్టిని చూపి, రెండింతలు ఇచ్చెదనని నోట్లు తీసినాడు. గౌడు నవ్వి తల అడ్డముగా ఊపెను.

“గది వాడికోల్లది బిడ్డా. పోచమ్మకు సాక వోస్తనని ముసలవ్వ పొద్దుగాల్నే చెప్పి పోయింది.”

అని మోకు సరిచేసికొని, ప్రక్క చెట్టును కౌగిలించి ఎక్కసాగెను. పిల్లవాడు నోట్లు చేతిలోనే పట్టుకొని, మోకు బెరడునకు రాచుకొను చప్పుడు వినుచు, తల పైకెత్తి చాలసేపు నిలిచియుండెను.