క్యూబు చెప్పని మాట

మొన్న వేసవిలో ఆగిరిపల్లి వెళ్ళాను. మామిడి తోటల పక్కన మా చుట్టాలు కడుతున్న ఇంటి దగ్గర మేస్త్రి ఒక కాగితం చూపించి, "క్యూబులు పాసయ్యాయండీ, ఇక బెంగ లేదు" అన్నాడు. 150 మిల్లీమీటర్ల కాంక్రీటు దిమ్మెలను 28 రోజులు నీళ్ళలో ఉంచి, యంత్రంలో నొక్కి పగలగొట్టి ఇచ్చిన నివేదిక అది. ఆ ఇంటి శ్లాబు మట్టుకు అతని ధీమా సబబే. రెండు మీటర్ల మందమున్న పునాదికీ, ఆనకట్టకూ కూడా ఆ కాగితమే చాలుననుకోవడం మీదనే నా అభ్యంతరం.

ఒకే కాంక్రీటుతో పోసినా, పెద్ద దూలం చిన్న దూలమంత ప్రతిబలాన్ని, అనగా చదరపు మిల్లీమీటరుకు పడే బలాన్ని, ఓర్వలేదు. పొడవూ లోతూ రెండింతలైతే దూలంలో నిల్వ ఉండే శక్తి నాలుగింతలవుతుంది. బీట సాగడానికి ఖర్చయ్యే శక్తి రెండింతలే. ఆ మిగులే దూలాన్ని హఠాత్తుగా విరుస్తుంది. 1984లో బజాంట్ దీనిని సూత్రీకరించాడు: మరీ పెద్ద కట్టడాలలో పరిమాణం నాలుగింతలైతే, విరిగే ప్రతిబలం సగానికి పడిపోతుంది.

ఆనకట్టను ప్రయోగశాలలో విరిచి చూడలేము కనుక కంప్యూటరులోనే విరవాలి. అక్కడా ఒక మోసముంది. కట్టడాన్ని గళ్ళుగా విడగొట్టి, హద్దు దాటిన గడి విరిగినట్టేనని లెక్కిస్తే, గడి చిన్నదయ్యేకొద్దీ జవాబు మారిపోతుంది. చివరికి విరగడానికి శక్తే అక్కరలేదంటుంది! స్వీడన్‌లో హిల్లెర్‌బోర్గ్ బృందం 1976లో విరుగుడు చూపింది. బలంతో పాటు విరుపు శక్తిని, అనగా చదరపు మీటరు బీటకు ఖర్చయ్యే శక్తిని, లెక్కలోకి తెచ్చింది.

అమెరికా కోడు 2019లో, తగినన్ని రింగులు లేని దూలాల కోత బలానికి పరిమాణ గుణకం చేర్చింది. మీటరు లోతుకు అది సుమారు 0.63. మన ఐఎస్ 456, 2000 నాటి కూర్పులో, 150 మిల్లీమీటర్ల శ్లాబుకు 1.30 గుణకమిచ్చి, 300 దగ్గర 1.00కు దించి, అక్కడితో ఊరుకుంది. పలుచని దానికి బహుమానమిచ్చి, మందపాటి దానికి జరిమానా మరచినట్లయింది.

నా మట్టుకు నాకు, పెద్ద కట్టడాలకు క్యూబు నివేదిక పక్కన విరుపు శక్తి నివేదిక కూడా ఉండి తీరాలి. గాటు పెట్టిన దూలాన్ని మెల్లగా వంచి కొలిచే ఆ పరీక్ష అసాధ్యమేమీ కాదు. ఆగిరిపల్లికి దగ్గరలోనే ఉన్న నూజివీడు ట్రిపుల్ ఐటీ వంటి చోట్ల సివిల్ విద్యార్థులు నాలుగు పరిమాణాల దూలాలు పోసి, విరిచి, తమ కంప్యూటరు లెక్కతో సరిచూసుకుంటే చాలు. ఈ పాఠం జన్మలో మరచిపోరు.

మీరేమంటారు?