బడిపిల్లల ప్రాణములకు బాధ్యులెవరు?

మన సంఘ సభలలో ఏటేట ఆమోదింపబడు తీర్మానములను తీసి చూచినచో తెలుగు ఉపాధ్యాయుల నియామకము, తెలుగు పాఠ్యపుస్తకముల సరఫరా, తెలుగు విభాగములు మూతపడకుండ కాపాడుట అను మూడు కోరికలు అందు తప్పక కనబడును. అవి న్యాయమైన కోరికలే. రాజ్యాంగమున 1956లో చేర్చబడిన 350-ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషీయుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు విద్య నొసగుటకు తగిన సౌకర్యములు కల్పింపవలెనని ప్రతి రాష్ట్రమునకును చెప్పుచున్నది. ఆ హక్కుకై పోరాడుట మన విధి. కాని బడికి పోయిన పిల్ల సాయంకాలము క్షేమముగా ఇల్లు చేరుటకు బడిలో ఏ ఏర్పాటు కలదని అడిగిన తీర్మానము ఇంతవరకు నాకు ఒక్కటియు కనబడలేదు.

నేను చెప్పదలచినది ఎలర్జీ వలన అకస్మాత్తుగా ప్రాణముమీదికి వచ్చు ఆపదను గూర్చి. కొందరి ఒంటికి వేరుశనగ పడదు. కొందరికి జీడిపప్పు, నువ్వులు, గ్రుడ్డు, పాలు, రొయ్యలు పడవు. కొందరికి తేనెటీగ, కందిరీగ కాటు పడదు. మరికొందరికి పెన్సిలిను వంటి మందులు పడవు. పడనిది ఒంటిలో చేరిన కొద్ది నిమిషములలో దద్దురులు లేచి, పెదవులును నాలుకయు వాచి, గొంతు బిగిసి, ఆయాసమును వాంతులును కలిగి, రక్తపుపోటు పడిపోయి మనిషి కూలిపోవచ్చును. ఒక్కొక్కప్పుడు దద్దురులు లేకుండగనే ఊపిరి అందకపోవుటయు కలదు. దీనిని వైద్యులు అనాఫిలాక్సిస్ అందురు. ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పోర్టియే, రిషే గారలు 1902లో దీనిని వెల్లడించి ఈ పేరు పెట్టిరి. సముద్రజీవి విషమును కుక్కలకు కొద్దిగా ఎక్కించి, కొన్ని వారముల పిమ్మట మరల స్వల్పముగా ఎక్కింపగా, మొదట తట్టుకొన్న కుక్కయే నిమిషములలో చచ్చినది. ఆ కృషికి రిషే గారికి 1913లో నోబెల్ బహుమానము లభించినది. “క్రిందటిసారి తిన్నప్పుడు ఏమియు కాలేదు గదా” యను మన ఇండ్లలోని మాట తప్పని నూరేండ్ల క్రిందటనే తేలినది.

దీనికి మందు లేకపోలేదు. అదియు మిక్కిలి చౌక. ఎడ్రినలిను అను సూదిమందు ప్రపంచ ఆరోగ్యసంస్థవారి అత్యవసర ఔషధముల పట్టికలోను, మన జాతీయ పట్టికలోను కలదు. మిల్లీలీటరునకు ఒక మిల్లీగ్రాము చొప్పున ఉండు ఈ మందును తొడ వెలుపలివైపు నడిమి భాగమున కండలోనికి ఈయవలెను. మోతాదు శరీరపు బరువు కిలో ఒకటికి 0.01 మిల్లీగ్రాము; అనగా 20 కిలోల పిల్లకు 0.2 మిల్లీలీటరు. పిల్లలకు ఒక పర్యాయమున 0.3 మిల్లీగ్రాము మించరాదు. గుణము కనబడనిచో 5 మొదలు 15 నిమిషములలో మరల ఈయవచ్చును. మనవైపు ఆచారమో, దద్దురులు కనబడగనే అవిల్ మాత్రయో సెట్రిజినో మ్రింగించి కూర్చుండబెట్టుట. అవి దురదను తగ్గించునే గాని మూసుకొనిపోవు గొంతును తెరువలేవు. పడిపోవు రక్తపుపోటును నిలుపలేవు.

ఇందు కాలమెంత విలువైనదో బ్రిటనులో ఇట్టి మరణములను పరిశీలించి పంఫ్రీ అను వైద్యుడు 2000లో ప్రకటించిన లెక్కలవలన తెలియును. గుండె ఆగుటకు పట్టిన కాలము, నడిమి లెక్కన, ఆహారము వలననైన మరణములలో 30 నిమిషములు. కీటకముల కాటునకు 15. వైద్యమున ఇచ్చిన మందులు పడనివారికి 5. చనిపోయినవారిలో నూటికి 62 మందికి ఎడ్రినలిను ఇచ్చిరి. గుండె ఆగుటకు ముందు అందినది మాత్రము 14 మందికే. అనగా మందు అసలే అందనివారు 38 మంది, ప్రొద్దు దాటిన పిదప అందినవారు 48 మంది. నేను వర్తకుడను. సరకు గిడ్డంగిలో ఉండియు వేళకు అంగడి చేరనిచో అది లేనట్లే యని మా వృత్తిలో ప్రతివానికిని తెలియును.

మా ప్రాంతమున ఒక పాఠశాలలో జరిగిన సంగతి చెప్పెదను. ఉత్సవమునాడు పంచిన మిఠాయి తిని ఎనిమిదేండ్ల బాలిక “టీచర్, గొంతు పట్టుకొనిపోతున్నది” అని తెలుగున చెప్పినది. ఆ ఉపాధ్యాయినికి తెలుగు రాదు. గొంతునొప్పి యనుకొని వేడినీళ్లు త్రాగించి, గాలి తగులునని వాకిటివరకు నడిపించినది. ఆమె మంచి మనసుతోనే చేసినది. అట్టి పిల్లను నిలువబెట్టరాదనియు, నడిపింపరాదనియు ఆమెకు ఎవరును నేర్పలేదు. దైవవశమున తండ్రి ఆటోతో అక్కడనే యుండుటచేత బాలిక ఆసుపత్రి చేరి, తొడకు సూదివేయగా బ్రదికినది. పిమ్మట జరిగిన పాఠశాల సంఘ సమావేశమున షామియానాకు, బ్యానర్లకు అయిన ఖర్చును క్షణములో ఆమోదించిరి. మందుల పెట్టెకు, ఉపాధ్యాయుల శిక్షణకు కొద్దిపాటి సొమ్ము కావలెననగా “చూతము” అనిరి. నేటికిని చూచుచునే యున్నారు!

“చూతము” అనువారు చెప్పు కారణములను ఒక్కొక్కటిగా పరిశీలింతము.

మొదటి కారణము, ఇది దొరల జబ్బు, మన పిల్లలకు రాదనుట. మన దేశపు పిల్లలలో ఆహారపు ఎలర్జీ పాశ్చాత్య దేశములకంటె తక్కువ యనుట నిజమే. అయితే తక్కువ యనగా లేదని అర్థమా? తేనెపట్టు బడిచెట్టునకు పట్టునపుడు అది దొరల బడియా, కూలివాని బడియా యని విచారించునా? పైగా అరుదుగా వచ్చు ఆపద కనుకనే శిక్షణ మరింత అవసరము. రోజూ చూచు జ్వరమును ఉపాధ్యాయుడు తానే గుర్తుపట్టును. ఇరువదియేండ్ల ఉద్యోగమున ఒక్కసారి చూడబోవు దానిని నేర్పనిదే ఎట్లు గుర్తుపట్టును?

రెండవది, ఉపాధ్యాయుని చేతికి సూది ఈయవచ్చునా యనుట. 2021లో కోవిడు టీకా వేయించుకొన్నవారు ఒక్కసారి జ్ఞాపకము చేసికొనవలెను. టీకా వేసిన తరువాత మనలను అరగంట కూర్చుండబెట్టినది దేనికి? ఈ ఆపద కొరకే. పల్లెలలో టీకాలు వేయు ఏ.ఎన్.ఎం. సోదరీమణులకు ప్రభుత్వమే ఎడ్రినలినుతో కూడిన పెట్టెనిచ్చి మొదటి మోతాదు ఈయ నేర్పుచున్నది. వారును వైద్యులు కారు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రము, బడి భోజనశాలలో తిని 2003లో మరణించిన పదుమూడేండ్ల బాలిక పేర 2005లో సబ్రీనా చట్టము చేసి, పాఠశాలల సిబ్బందికి క్రమముగా శిక్షణ ఈయవలెనని విధించినది. అమెరికా 2013లో, పాఠశాలలలో ఈ మందును నిలువయుంచి సిబ్బందికి నేర్పు రాష్ట్రములను ప్రోత్సహించుచు చట్టము చేసినది. బ్రిటను 2017 అక్టోబరు నుండి పాఠశాలలు తామే ఈ మందును కొని అత్యవసరమునకు ఉంచుకొనుటకు అనుమతించినది. అక్కడి ఉపాధ్యాయులకు ఉన్నవియు రెండు చేతులే!

ఇందొక భేదము కలదు. దానిని దాచుట నా ఉద్దేశము కాదు. ఆ దేశములలో మోతాదు ముందే నింపియుంచిన కలమువంటి సాధనము, తొడకు అదిమిన చాలును. మన ఊళ్ల మందుల అంగళ్లలో అది సులభముగా దొరకదు; గాజు ఆంప్యూలు, సిరంజి మాత్రమే దొరకును. ఆంప్యూలు విరిచి, కొలిచి, గాలి తీసి ఈయవలెనన్న నేర్పు కావలెను. కావుననే శిక్షణ యనుచున్నాను. శిక్షణ లేక ఎవరును సూది పట్టరాదు.

మూడవది, ఆసుపత్రి దగ్గరనే యున్నది, 108 బండి వచ్చుననుట. 2005లో ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆ సేవ నేడు మనము నివసించు రాష్ట్రములకును వచ్చుట మన భాగ్యము. దానిని తప్పక పిలువవలెను. కాని కందిరీగ కుట్టిన పిల్లకు ఉన్నది 15 నిమిషములైనచో, బాగలూరు, బేరికె, తళి వైపు పల్లెలకు బండి వచ్చుటకే ఎంత కాలము పట్టునో ఆ దారుల తిరుగువారికి నేను చెప్పవలెనా? ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుటన్న ఇదియే.

నాలుగవది చట్టభయము. మేలు చేయవలెనను సద్బుద్ధితో, సమ్మతి పొందు వ్యవధి లేనపుడు చేసిన కార్యమునకు పూర్వపు శిక్షాస్మృతి 92వ విభాగము రక్షణ నిచ్చెడిది. 2024 జూలై నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 30వ విభాగము నేడు ఇచ్చుచున్నది. అయినను ఉపాధ్యాయుడు న్యాయవాదిని అడిగి సూది వేయవలసిన పరిస్థితి యుండరాదు. శిక్షణ పొందిన సిబ్బంది అత్యవసరమున ఈ మందు ఈయవచ్చునని విద్యాశాఖ స్పష్టమైన ఉత్తరువు నొసగవలెను. ఆయుష్మాన్ భారత్ క్రింద 2020లో ఆరంభమైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమమున బడికి ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా నియమించు ఏర్పాటు కలదు. వారికి నేర్పు 11 అంశములలో పోషణము మొదలు ఇంటర్నెట్టు సురక్షిత వినియోగము వరకు ఉన్నవి. ఈ ఆపదకు మాత్రము ప్రత్యేక స్థానము లేదు. మనుష్యులున్నారు, పాఠము లేదు. ఆ పాఠము చేర్చుటకు ఎంత ఖర్చగును?

ఇక ప్రభుత్వము బడిలో అన్నము పెట్టుచున్నది. తమిళనాట 1982లో పోషకాహార మధ్యాహ్న భోజన పథకము, 2022లో ఉదయపు ఫలహార పథకము వచ్చినవి. పిల్లల ఆకలి తీర్చిన ఈ పథకములకు చేతులెత్తి నమస్కరింపవలెను. గ్రుడ్డు వలదని, వేరుశనగ వలదని నేననుట లేదు. అవి పేదపిల్లకు బలము. కాని వడ్డించు చేతికి ఎవరికేది పడదో తెలియవలదా?

ఈ విషయము ఎల్ల పిల్లలకును సంబంధించినదే; మన సంఘములకు ప్రత్యేకమేమని అడుగవచ్చును. ప్రత్యేకము భాష. మన ఇంటిలో “పడదు” అందుము. తమిళమున “ఒత్తుక్కాదు” అందురు. కన్నడమున “ఒగ్గువుదిల్ల” అందురు. ఒడియా, మరాఠీలలో మాట వేరు. ఎంత బాగుగా రాష్ట్రభాష నేర్చిన పిల్లయైనను ఊపిరాడని వేళ తల్లి నేర్పిన మాటనే పలుకును. నాలుక వాచిన పిల్ల పరభాషలో వాక్యము కూర్చుకొనగలదా? బడినుండి వచ్చు ఆరోగ్యపత్రమును ఇంట చదువువారు అవ్వయో, అమ్మయో. ఆ పత్రము వారికి తెలియని లిపిలో ఉండును. ఖాళీగా సంతకము చేసి పంపుదురు. మాతృభాషాహక్కు పరీక్షలకు మాత్రమే కాదు, ప్రాణమునకును కావలెను.

తోడి వర్తకులకును ఒక మాట. 2020 నాటి ఆహార లేబులు నిబంధనల ప్రకారము వేరుశనగ, పాలు, గ్రుడ్డు, చేప, సోయా, గోధుమ మున్నగునవి ఉన్నచో పొట్లముపై చెప్పితీరవలెను. కాని ఆంగ్లమునగాని హిందీలోగాని ముద్రించిన చాలును. తెలుగు తల్లికి అది ఉన్నను లేనట్లే. మనము విడిగా అమ్ము సరకునకు ఆ పాటి లేబులును లేదు. వేరుశనగ తీసిన చేటతోనే పుట్నాలపప్పు తీయుచున్నాము. మిఠాయి అంగడిలో ఒకే మూకుటిలో అన్నియు వేగుచున్నవి. ఏ మిఠాయిలో ఏ పప్పు కలదో తెలుగునను, స్థానిక భాషయందును ఒక పలకపై వ్రాసి వ్రేలాడదీసినచో మన లాభమున తరుగునదేమి?

కావున ప్రతి సంఘ శాఖయు రాబోవు నెల సమావేశమున ఈ క్రింది పనులను తీర్మానించి, తేదీ నిర్ణయించి, ఒక్కొక్కదానికి ఒక్కొక్కరిని బాధ్యుని చేయవలెను.

ఒకటి: మన యాజమాన్యములోని ప్రతి పాఠశాలయు చేరిక పత్రములో “మీ బిడ్డకు ఏది పడదు? ఎప్పుడైన ఊపిరాడక ఆసుపత్రికి పోవలసివచ్చినదా?” అను ప్రశ్నలు తెలుగునను, రాష్ట్రభాషయందును అడుగవలెను. ఆ సమాధానము బీరువాలో గాక తరగతి ఉపాధ్యాయుని వద్దను, వంటవారి వద్దను ఉండవలెను.

రెండు: స్థానిక ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యునిచే ఆరునెలల కొకసారి ఉపాధ్యాయులకే గాక ఆయాలకు, వంటవారికి, బండి నడుపువారికి శిక్షణ ఇప్పింపవలెను. లక్షణములు గుర్తించుట, పిల్లను పరుండబెట్టి కాళ్లు ఎత్తియుంచుట, ఆయాసమున్నచో కూర్చుండబెట్టుట, తెలివి తప్పినచో పక్కకు త్రిప్పుట, లేపి నడిపింపకుండుట, 108ను పిలుచుట ఎల్లరును నేర్వవలసినవి. సూది ఇచ్చుట వైద్యుడు ఎంచి నేర్పిన ఇద్దరు ముగ్గురికే. ఒకసారి తగ్గిన లక్షణములు కొన్ని గంటలకు మరల రావచ్చును గనుక, తేరుకొన్న పిల్లనైనను ఇంటికి గాక ఆసుపత్రికే పంపవలెనని అందరికిని తెలియవలెను.

మూడు: వైద్యుని వ్రాతపూర్వకమైన చీటీతో ఎడ్రినలిను ఆంప్యూళ్లు, సిరంజులు, బరువును బట్టి మోతాదు పట్టిక గల పెట్టెను ఎండ, వెలుతురు తగులనిచోట ఉంచవలెను. గడువు తేదీని ప్రతి నెల ఒకరు చూచి సంతకము చేయవలెను. ఆ పెట్టెకు తాళము వేసి తాళపుచెవి ప్రధానోపాధ్యాయుని ఇంట ఉంచుట కూడదు.

నాలుగు: పైన చెప్పిన ఉత్తరువునకై విద్యాశాఖకు, ఆరోగ్యశాఖకు మహజరు సమర్పింపవలెను. హోసూరువారును, బళ్లారి, బరంపురము, షోలాపురము, యానాములవారును తమ తమ ప్రభుత్వములకు ఒకే నెలలో పంపినచో ఆ మాటకు బరువు కలుగును.

ఈ నాలుగింటిలో మొదటి మూడింటికి ఏ ప్రభుత్వము అనుమతియు మనకు అడ్డు కాదు. ఖర్చు ఒక వార్షికోత్సవపు పూలదండల పాటి యుండదు. తెలుగు బడిని నిలుపుకొనుటకు మనము కోర్టులకెక్కుచున్నాము, సంతకములు సేకరించుచున్నాము, ఇల్లిల్లు తిరిగి పిల్లలను చేర్చుడని తల్లులను బతిమాలుచున్నాము. మన మాట నమ్మి బిడ్డను మన బడికి పంపిన తల్లికి మనము ఋణపడియున్నాము. వచ్చే నెల సమావేశపు కార్యక్రమ పట్టికలో షామియానా పద్దునకు ముందు ఈ పద్దు నుంచుడు. ఉంచని సంఘమేదో ఈ పత్రికకు వ్రాయుడు.

— ఒక వర్తక సభ్యుడు, హోసూరు